ఫ్రిజ్‌లో పెట్టిన పచ్చిపాలు తాగొచ్చా?

ప్రశ్న: మా వదినకి ఆరో నెల. ఊరి నుంచి గేదె పాలు వస్తాయి. అమ్మ కాచకుండా ఫ్రిజ్‌లో పెట్టి, "ఆ చలికి ఏ పురుగు బతుకుతుంది" అంటూ గ్లాసులో పోసిస్తుంది. వాసన బాగానే ఉంది. పర్వాలేదా?

జవాబు: వద్దండి. పచ్చిపాలలో ఉండగల లిస్టీరియా అనే బాక్టీరియా 4 డిగ్రీల్లోనూ మెల్లగా పెరుగుతుంది, గర్భస్రావం దాకా తెస్తుంది. బ్రూసెల్లా అనే మరో బాక్టీరియా కూడా చలికి చావదు. వాసన చూస్తే ఏదీ తెలియదు.

అడిగినవారు: పాలకేంద్రంలో నీలిరంగు పరీక్ష చేశారుగా?

మరో జవాబు: డెయిరీ ల్యాబ్‌లో పనిచేశాను. ఆ పరీక్షలో పాలలో కలిపే మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు త్వరగా పోతే సూక్ష్మజీవులు ఎక్కువని అర్థం. అవి ఏవో చెప్పదు. లిస్టీరియాని పట్టాలంటే కల్చర్ పెట్టాలి, అంటే ల్యాబ్‌లో ఆ సూక్ష్మజీవుల్ని పెంచి చూడాలి, రోజులు పడుతుంది. ఈలోపు పాలు విరిగిపోతాయి! అమ్మగారితో వాదన ఎందుకు, పాలు రాగానే మీరే పొంగు రానిచ్చి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టేయండి.