సాల్వియాలు చలికాలం దాటడం లేదు, ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

నీలిపూలతోట:
నమస్తే అండి. రెండేళ్లుగా సాల్వియాలు అనే పూలమొక్కలు పెంచుతున్నాను, రెండు చలికాలాల్లోనూ పోగొట్టుకున్నాను. మా దగ్గర రాత్రిళ్లు మామూలుగా మైనస్ 3, 4 డిగ్రీలు ఉంటుంది, ఎప్పుడో ఒకటి రెండు రోజులు మైనస్ 6 వరకు దిగుతుంది. క్రితంసారి సాల్వియా రకాల్లో అమిస్టాడ్ రెండు, ల్యుకాంథా ఒకటి, పేటెన్స్ మూడు, హాట్ లిప్స్ ఒకటి ఉన్నాయి. పూలు అయిపోగానే అన్నిటినీ నేలమట్టానికి కత్తిరించి, మొదళ్ల మీద కంపోస్టు మందంగా కప్పాను. వసంతం వచ్చాక ఎంత చూసినా చిగురు లేదు. తవ్వి చూస్తే వేర్లు గోధుమరంగుకి తిరిగి మెత్తగా చేతికి వచ్చేశాయి, ఒకటే కంపు. ఈ ఏడాది మళ్లీ అవే రకాలు తెచ్చి పెట్టాను, ఇప్పుడు నిండా పూలతో ఉన్నాయి. ఇంకో నెలలో చలి మొదలవుతుందంటే ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది. కప్పడం సరిపోలేదా, ఇంకా మందంగా కప్పాలా?

మట్టిచేతులు:
మీరు చెప్పినదాంట్లో అసలు విషయం ఆ కంపు, ఇంకొకటి హాట్ లిప్స్ కూడా పోవడం. హాట్ లిప్స్‌ది కట్టెలాంటి గట్టి కాండం, నేల పొడిగా ఉంటే మైనస్ 6 దానికి పెద్ద లెక్క కాదు. అది కూడా చచ్చిపోయిందంటే చంపింది చలి కాదు, తడి. ఈ మొక్కల్లో చాలావాటి సొంతూరు మెక్సికో, దక్షిణ అమెరికా. మెక్సికో కొండల్లో చలికాలం అంటే వానలు లేని కాలం, రాత్రి చలి ఉన్నా వేరు పొడిగా ఉంటుంది. మన తోటల్లో నిద్రపోయే వేరు నీళ్లు తాగదు, నీళ్లు పోయే దారీ ఉండదు, అలా చల్లటి బురదలో నెలల తరబడి నానితే కుళ్లక ఏం చేస్తుంది.

కత్తిరించడం రెండో పొరపాటు. అమిస్టాడ్ లాంటివాటి కాడలు లోపల బోలుగా ఉంటాయి, నేలమట్టానికి కోస్తే ప్రతి కాడా ఒక గొట్టంలా వాననీటిని తిన్నగా మొదట్లోకి దింపుతుంది. దానికి తోడు కోసిన చోట లేత చిగుళ్లు లేస్తాయి, మొదటి మంచుకే అవి నల్లబడిపోతాయి. ఎండిపోయిన కొమ్మలు చూడ్డానికి బాగుండవు, నిజమే, కానీ మొదటికి అవే గొడుగు. మంచు భయం పూర్తిగా పోయి, కింద చిగురు కనిపించాకే కత్తెర పట్టుకోండి.

కంపోస్టు కూడా వద్దండి. అది స్పాంజిలా నీరు పట్టుకుంటుంది. ఎండుటాకులో, చెట్టు బెరడు ముక్కలో 10 నుంచి 15 సెంటీమీటర్ల మందం వేయండి, మరీ మొదటికి ఆనించకుండా. ముందు ఒక పని చేయండి, మొక్క పక్కన జానెడు లోతు గొయ్యి తీసి నీళ్లు పోసి ఎంతసేపట్లో ఇంకుతాయో చూడండి.

కణుపుకింద:
పైన చెప్పినవన్నీ సరే, కానీ నేను వాటి మీదే ఆధారపడను. ఎంత బాగా కప్పినా ఒక ఏడాది పోతాయి, అందుకే ప్రతి రకానికీ నాలుగైదు కొమ్మ ముక్కలు నాటుకోవాలి, అదీ ఇప్పుడే. పూలు లేని కొమ్మ కావాలి, 8 నుంచి 10 సెంటీమీటర్లు, కణుపుకి సరిగ్గా కింద కోసి, కింది ఆకులు తీసేసి, సగం కోకోపీట్ అనే కొబ్బరిపీచు పొట్టు, సగం తేలికైన తెల్లటి రాతి గుళికలైన పెర్లైట్‌లో గుచ్చండి. సాల్వియా వేరు పట్టడం చాలా తేలిక, రెండు మూడు వారాలు చాలు. పూలున్న కొమ్మలే దొరికితే మొగ్గలు గిల్లేసి నాటండి.

తర్వాత చాలామంది వాటిని వెచ్చటి గదిలో పెట్టేస్తారు. అలా చేస్తే వెలుతురు చాలక పీలగా సాగిపోతాయి, తెల్లదోమ, ఎర్రనల్లి రెండూ చేరతాయి. 5 నుంచి 8 డిగ్రీలు ఉండే, బాగా వెలుతురు వచ్చే చోటు చాలు, నీళ్లు మట్టి పొడిబారాక కొద్దిగా మాత్రమే. పెరగకపోయినా కంగారుపడకండి, అప్పుడు అవి బతికి ఉంటే చాలు.

నీలిపూలతోట:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. కంపోస్టు వేసి మంచి చేస్తున్నాననుకున్నాను, దానితోనే కుళ్లబెట్టానని తెలిసి నిజంగా బాధేసింది. గొయ్యి తీసి నీళ్లు పోశాను, నాలుగు గంటలైనా సగమే ఇంకాయి. పేటెన్స్‌కి దుంపలు ఉంటాయంటారు కదా, వాటిని తీసి దాచొచ్చా? ల్యుకాంథా అయితే ఇప్పుడిప్పుడే పూస్తోంది, దాన్ని కదపాలంటే మనసు రావడం లేదు.

ఆలస్యపుచిగురు:
పేటెన్స్‌ని డేలియా లాగే చూసుకోండి. మొదటి మంచుకి ఆకు నల్లబడ్డాక కాడ ఒక చేతి వెడల్పు ఉంచి కోసి, దుంపలు విరగకుండా తవ్వి తీసి, మట్టి దులిపి, కాస్త చెమ్మ ఉన్న కోకోపీట్‌లో మంచు తగలని చీకటి చోట పెట్టండి. ఎముకలా ఎండిపోకూడదు, తడిగానూ ఉండకూడదు. పాత కాడ మొదలు దుంపకి అంటుకునే ఉండాలి, చిగురు అక్కడినుంచే వస్తుంది, విడి దుంప మొలవదు.

ల్యుకాంథా పగలు తగ్గితేనే పూస్తుంది, అందుకే ఎప్పుడూ మంచుతో పోటీ పడుతూ ఉంటుంది. పూయనివ్వండి, పూలు లేని పక్క కొమ్మలు రెండు మూడు మాత్రం ఇప్పుడే నాటేసుకోండి.

నాది ఇంకో మాట. వసంతంలో తొందరపడి పీకేయకండి. ఒకసారి నా గ్వారనిటికా (అదీ సాల్వియా రకమే) చచ్చిపోయిందనుకుని వేరుతో సహా తీసి చెత్తకుప్ప మీద పడేశాను, ఎండలు ముదిరాక చూస్తే ఆ కుప్పలోనే రెండు బలమైన చిగుళ్లు లేచాయి. ఆ రోజు కలిగిన సంతోషం, అపరాధభావం రెండూ ఇప్పటికీ గుర్తున్నాయి. ఇవి మిగతా మొక్కలకంటే నెల, ఒక్కోసారి నెలన్నర ఆలస్యంగా లేస్తాయి. హాట్ లిప్స్ లాంటి కట్టె కాండాలైతే గోటితో బెరడు గీకి చూడండి, కింద పచ్చగా ఉంటే బతికే ఉన్నట్టు.

మట్టిచేతులు:
నాలుగు గంటలకి సగమా! అలాంటి నేలలో ఏమి కప్పినా లాభం లేదండి. అమిస్టాడ్ రెండూ మొదటి మంచుకి ముందే పెద్ద కుండీల్లోకి తీసేయండి, కొమ్మలు సగానికి తగ్గించి గోడవారగా వాన పడని చోట పెట్టండి. కుండీలో కూర్చున్నాక కొత్త ఎరువు మాత్రం వేయకండి, లేతగా పెరిగితే చలికి ఆగదు. హాట్ లిప్స్‌ని ఈ ఏడాదికి కదపకుండా, నీళ్లు పోయేలా చుట్టూ చిన్న కాలువ తీయండి. వసంతంలో ఆ మడినే ఒక అడుగు ఎత్తు లేపి, సన్న కంకర బాగా కలిపి అన్నిటినీ మళ్లీ నాటుకోవచ్చు. కొత్తవి కూడా వసంతంలోనే నాటండి, చలికి ముందు నాటినవాటికి వేరు పాకే సమయం దొరకదు.

నీలిపూలతోట:
ఈ రోజు పొద్దున్నే కూర్చుని పదిహేడు కొమ్మ ముక్కలు నాటాను, అమిస్టాడ్ ఎనిమిది, ల్యుకాంథా ఆరు, హాట్ లిప్స్ మూడు. హాట్ లిప్స్ చుట్టూ కాలువ కూడా తీశాను, తీస్తుండగానే అందులోకి నీరు ఊరడం మొదలైంది. వేర్లు వచ్చాక మళ్లీ రాస్తాను.