సిటీ లైబ్రరీని కౌంటీలో కలిపితే ఏమవుతుంది? మినియాపొలిస్ వాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్కారమండీ. అమెరికాలో మేముండే ఊళ్లో సిటీ లైబ్రరీని కౌంటీ (మన జిల్లా లాంటిది) లైబ్రరీలో కలిపేద్దామంటున్నారు. 2008 జనవరిలో మినియాపొలిస్ లైబ్రరీ ఇలాగే హెనెపిన్ కౌంటీలో కలిసింది కదా. డబ్బుల్లేక అంతకుముందు మూసేసిన మూడు శాఖలను తర్వాత మళ్లీ తెరిచారని చదివాను. అప్పట్లో అక్కడున్నవాళ్లు కాస్త చెప్పండి, ప్రాపర్టీ టాక్స్ పెరిగిందా? (మనవైపు ఇంటిపన్నుతో గ్రంథాలయ సెస్సు కట్టినట్టే ఇక్కడా కడతాం, అందుకే మా వీధిలో గొడవంతా దానిమీదే.) నా భయం మాత్రం వేరు. సిటీ లైబ్రరీ బోర్డు పోయాక పుస్తకాల ఎంపిక ఎవరి చేతికెళ్లింది? మా బ్రాంచిలో ఒక అర నిండా తెలుగు పుస్తకాలున్నాయి, అడిగి అడిగి తెప్పించుకున్నవి. వాటిని కౌంటీవాళ్లు ఇంకో ఊరికి తరలించేస్తారా? వచ్చే నెల దీనిమీద జనం అభిప్రాయాలు వినే హియరింగ్ ఉంది, అక్కడ ఏం అడగమంటారు?