డైసల్ఫైడే (రెండు సిస్టీన్ల గంధకాల మధ్య బంధం) అన్నిటికన్నా బలమైన బంధమైతే, ఎస్‌డీఎస్ (ప్రోటీన్ మడత విప్పే డిటర్జెంట్) ఒక్కటే వేసినా ప్రోటీన్ ఎలా విప్పుకుంటోంది?

అరండల్‌పేట_ఎమ్మెస్సీ (గుంటూరు):
10 శాతం జెల్ (కరెంటుతో ప్రోటీన్లను బరువు వారీగా వేరుచేసే పలక) మీద బీఎస్ఏని (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) పక్కపక్క లేన్లలో నడిపాం. రెండు శాంపిళ్లనీ ఎస్‌డీఎస్ కలిపి 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు వేడి చేశాం. తేడా అల్లా ఒకదాంట్లో బీటా-మెర్కాప్టోఇథనాల్ (డైసల్ఫైడ్‌ని తెంపే రసాయనం) ఉంది, రెండోదాంట్లో లేదు. ఉన్నదాంట్లో 66 కిలోడాల్టన్ల దగ్గర ఒకటే బ్యాండ్ వచ్చింది. లేనిదాంట్లో అసలు బ్యాండ్ కాస్త కిందికి దిగింది, పైన 130 ప్రాంతంలో సన్నగా ఇంకోటి కనపడుతోంది. బీఎస్ఏ ఒకే గొలుసు కదండీ, ఆ పైదేంటి? బంధాలు తెగిన శాంపిల్ కిందికి పోవాలి గానీ పైన ఆగిందేంటి? టెర్షియరీ నిర్మాణాన్ని (గొలుసు మొత్తం మడతపడ్డ ఆకారాన్ని) నిలబెట్టేవాటిలో డైసల్ఫైడ్ అత్యంత బలమైనదని నోట్సులో ఉంది. అది తెగకుండా మడత ఎలా విప్పుకుంటుంది? వచ్చే వారం వైవా.

గవర్నర్‌పేట_జెల్స్:
జెల్ సంగతి ముందు తేలుద్దాం. బీఎస్ఏలో 583 అమినో ఆమ్లాలు, 35 సిస్టీన్లు. వాటిలో 34 జంటలు కట్టి 17 డైసల్ఫైడ్లు అవుతాయి, 34వ స్థానంలోని సిస్టీన్ ఒంటరిగా మిగులుతుంది. నిల్వలో రెండు అణువుల ఒంటరి సిస్టీన్లు గాలి ఆక్సిజన్ వల్ల అతుక్కుంటే డైమర్. మీకు 130 దగ్గర కనపడ్డది అదే. మెర్కాప్టోఇథనాల్ ఆ అతుకు తెంపుతుంది కాబట్టి అది ఉన్న లేన్‌లో మాయమైంది.

పైనా కిందా విషయం: జెల్‌లో పరుగు బరువును బట్టే కాదు, ఆకారాన్ని బట్టి కూడా ఉంటుంది. గొలుసు పూర్తిగా తెరుచుకుంటే గ్రాము ప్రోటీన్‌కి సుమారు 1.4 గ్రాముల ఎస్‌డీఎస్ అంటుకుంటుంది. 17 చోట్ల ముడివేసి ఉన్న గొలుసు అంతగా చాచుకోలేదు, గుత్తుగా ఉండి జెల్ రంధ్రాల్లోంచి త్వరగా జారుతుంది. అందుకే ముడులున్న లేన్‌లో మార్కర్‌తో (బరువు తెలిసిన ప్రోటీన్లతో) పోల్చి కొలిచిన బరువు నమ్మకూడదు.

కృష్ణలంక_పెప్టైడ్:
నోట్సులో ఆ వాక్యం తప్పు కాదు గానీ, దాన్నుంచి అందరూ లాగే ముగింపు తప్పు. డైసల్ఫైడ్‌ని తెంపడానికి మోల్‌కి 60 కిలోక్యాలరీల దాకా కావాలి, నిజమే. కానీ మడత విప్పడానికి దాన్ని తెంపక్కర్లేదు. మడిచిన స్థితికీ విప్పిన స్థితికీ మధ్య తేడా మామూలుగా 5 నుంచి 15 కిలోక్యాలరీలే. అంటే నీటిలో రెండు మూడు హైడ్రోజన్ బంధాల ఖరీదు.

అంత తక్కువెందుకంటే, రెండు పెద్ద మొత్తాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొలుసు మడతపడితే స్వేచ్ఛ పోతుంది, అది పెద్ద నష్టం. నూనె స్వభావమున్న లూసిన్, వాలిన్, ఫినైల్అలనిన్ పక్క గొలుసులు నీటికి దూరంగా లోపలికి చేరడం పెద్ద లాభం: లోపల పడే ఒక్కో సీహెచ్2 గుంపుకి దాదాపు 1 కిలోక్యాలరీ. హైడ్రోజన్ బంధాల లెక్కలోనే ఎక్కువమంది తడబడతారు. హెలిక్స్‌లో (గొలుసు మెలి తిరిగిన భాగంలో) ప్రతి కార్బొనిల్ (సీ=ఓ గుంపు) నాలుగు స్థానాలు ముందున్న ఎన్‌హెచ్‌తో కట్టుకుంటుంది, సరే. విప్పినప్పుడు అవే గుంపులు నీటితో కట్టుకుంటాయి కదా! కాబట్టి నికర లాభం చిన్నదే. కానీ లోపల జత దొరకని కార్బొనిల్ మిగిలిందా, నష్టం గట్టిగానే ఉంటుంది.

ఎస్‌డీఎస్ దాడి చేసేది ఆ నూనె గుండె మీదే. దాని 12 కార్బన్ల తోక లోపలికి దూరుతుంది, తల మీది రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. డైసల్ఫైడ్ జోలికి పోకుండానే మడత పోతుంది.

మరి డైసల్ఫైడ్ పనేంటి? విప్పిన గొలుసు ఇష్టమొచ్చినట్టు తిరగకుండా కట్టేయడం. 25 అమినో ఆమ్లాల ఉచ్చు వేసే ఒక్క ముడి, ఎంట్రోపీ (గొలుసు స్వేచ్ఛ) లెక్క ప్రకారం 3 నుంచి 4 కిలోక్యాలరీల స్థిరత్వం ఇస్తుంది. 60 కాదు. వైవాలో స్పెర్మ్ వేల్ మయోగ్లోబిన్ చెప్పండి: 153 అమినో ఆమ్లాలు, ఒక్క సిస్టీన్ కూడా లేదు, శుభ్రంగా మడిచి ఉంటుంది. కణం లోపల గ్లూటాథయోన్ (డైసల్ఫైడ్లను తెంపే చిన్న అణువు) వల్ల డైసల్ఫైడ్లు నిలవడమే కష్టం. అవి ఎక్కువగా బయటికి పోయే ప్రోటీన్లలోనే కనిపిస్తాయి, ఇన్సులిన్, ఆల్బుమిన్ లాంటివాటిలో.

అరండల్‌పేట_ఎమ్మెస్సీ:
చాలా థాంక్స్ అండీ. ముడులున్న లేన్‌లో మెర్కాప్టోఇథనాల్ లేన్ వైపు అంచు మాత్రం వంకరగా పైకి లేచింది. మెర్కాప్టోఇథనాల్ బదులు డీటీటీ (డైథయోత్రైటాల్, అదీ డైసల్ఫైడ్ తెంపేదే) వాడితే పోతుందా?

బెంచ్_నంబర్_నాలుగు (విజయవాడ):
పోదు. రెండూ చిన్న అణువులే, పక్క లేన్‌లోకి పాకుతాయి. వంకర అందుకే: ఆ అంచున ఉన్న బీఎస్ఏ ముడులు కొంత తెగి నెమ్మదిగా నడిచింది. మధ్యలో కనీసం రెండు లేన్లు వదలండి, వాటిలో ఉత్త శాంపిల్ బఫర్ పొయ్యండి. ఇంకా మంచిది రెండు వేరు జెల్స్.

డీటీటీకి వేరే లాభముంది. డైసల్ఫైడ్ తెంపాక అది తనలో తనే ఆరు సభ్యుల ఉంగరంగా ముడిపడుతుంది, చర్య వెనక్కి రాదు. అందుకే 50 నుంచి 100 మిల్లీమోలార్ చాలు. మెర్కాప్టోఇథనాల్ 5 శాతం, అంటే దాదాపు 0.7 మోలార్ పొయ్యాల్సి వస్తోంది. 1 మోలార్ డీటీటీ స్టాక్‌కి 1.54 గ్రాములు 10 మిల్లీలీటర్లలో కరిగించి, చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో పెట్టండి. 20 డిగ్రీల దగ్గరే పీహెచ్ 7.5లో దాని అర్ధాయువు 10 గంటలు, 8.5లో గంటన్నర కూడా లేదు. మే నెలలో మన ఊళ్లో బెంచి మీద వదిలేసిన స్టాక్ సాయంత్రానికి ఎందుకూ పనికిరాదు.

శాంపిల్ బఫర్ పీహెచ్ 6.8 కాబట్టి పనిచేసే థయోలేట్ రూపం (హైడ్రోజన్ పోయి రుణావేశమున్న గంధకం) చాలా తక్కువ. వేడి తప్పనిసరి అయ్యేది అందుకు కూడా. వేడి చేశాక మూత తెరిచి గంటలు వదిలేస్తే ముడులు మళ్లీ పడతాయి, డైమర్ తిరిగొస్తుంది. ఆగక తప్పదంటే చల్లారాక పీహెచ్ 8 దగ్గరికి తెచ్చి, డీటీటీకి రెండున్నర రెట్లు అయోడోఅసిటమైడ్ (సిస్టీన్లు మళ్లీ ముడిపడకుండా మూసేసేది) వేసి అరగంట చీకట్లో ఉంచండి. వెలుతురులో అది పాడవుతుంది. ఇంకోటి, శాంపిల్లో పొటాషియం క్లోరైడ్ ఉంటే ఎస్‌డీఎస్ తెల్లటి ముద్దగా దిగిపోతుంది, సోడియం బఫర్‌లోకి మార్చుకోండి.