ట్రైనర్ దగ్గర బుద్ధిగా ఉండే గుర్రం నా దగ్గర తోసుకొస్తోంది, ఏం చేయాలి?

మాది 7 ఏళ్ల ఆడ గుర్రం. జీను వేయబోతే చెవులు వెనక్కి వాల్చి పక్కకు జరిగిపోయేది. డాక్టర్ వీపు, పళ్లు చూశారు, జీను సరిగ్గా కూర్చుంటోందో లేదో కూడా చూశాం. నొప్పి ఏమీ లేదన్నారు. అందుకే 2 నెలలుగా ఒక నేచురల్ హార్స్‌మన్‌షిప్ ట్రైనర్ దగ్గర నేర్చుకుంటున్నాం. ఈ పద్ధతిలో అరవడం, కొట్టడం ఉండదు. తాడుతో కాస్త ఒత్తిడి ఇచ్చి, అది ఒక్క అడుగు వెనక్కి వేయగానే వదిలేస్తారు. ఒత్తిడి కన్నా ఆ వదలడమే దానికి పాఠం అంటారాయన. ఆయన ముందు తల దించి, పెదాలు చప్పరిస్తూ నిలబడుతుంది. అలా చూస్తుంటే నా కళ్లు చెమరుస్తాయి.

నేను తాడు పట్టుకుంటే మాత్రం మీదికే వస్తుంది. నిన్న భుజంతో నెట్టేసింది కూడా. ఫోన్‌లో తీసిన వీడియో చూస్తే తెలిసింది, అది అడుగు వేశాక కూడా నా పిడికిలి బిగిసే ఉంది. తప్పు నాదే, గుర్రానిది కాదు.

సరిగ్గా ఆ క్షణంలో ఒత్తిడి వదిలే ఈ టైమింగ్ చేతికి ఎలా అలవాటవుతుంది? రోజూ 15 నిమిషాలు చేస్తే సరిపోతుందా? లేక ట్రైనర్ లేని రోజుల్లో అసలు ముట్టుకోకపోవడమే మంచిదా? ఆయన నేర్పిందంతా నేనే చెడగొడతానేమోనని టెన్షన్‌గా ఉంది. ఈ దశ దాటినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.