వెస్ట్ హైలాండ్ వే (స్కాట్లాండ్‌లో ఓ నడక దారి) నాన్నతో కలిసి నడవాలనుంది, 7 రోజులు సరిపోతాయా?

లీడ్స్‌లో_గోదారోడు:
అందరికీ నమస్తే. మే నెలలో అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారండి. నాన్నకి 62, రిటైరైన హిస్టరీ మాస్టారు, రోజూ పొద్దున్నే గోదారి గట్టు మీద ఐదారు కిలోమీటర్లు నడుస్తారు, అలిపిరి మెట్లు ఇప్పటికీ నాకన్నా ముందే ఎక్కేసి పైన కూర్చుని ఎదురుచూస్తారు. పోయినసారి స్కాట్లాండ్ ఫొటోలు చూపిస్తే "ఇలాంటి చోట బస్సులో తిరిగితే ఏం లాభంరా, నడవాలి గానీ" అన్నారు, అప్పట్నుంచి అదే నా బుర్రలో తిరుగుతోంది. గ్లాస్గో పక్కన మిల్‌గై (స్పెల్లింగ్ చూస్తే మిల్న్‌గావీ, పలకడం మాత్రం ఇలా అంట) నుంచి ఫోర్ట్ విలియం దాకా 154 కిలోమీటర్లు, అందరూ 7 రోజులు అంటున్నారు. లెక్కేస్తే రోజుకి 22, మరీ కష్టమేం కాదనిపిస్తోంది. దారిలో పాత ఊళ్ళు, కోటలు కూడా ఉంటే ఆయనకి పండగే. టెంట్ వద్దు. మేం వెజ్. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నడవదు. నడిచినవాళ్ళెవరైనా చెప్పండి ప్లీజ్.

గ్లాస్గో_పిల్ల:
నేను రెండు విడతల్లో మొత్తం నడిచానండి. 22 అనే లెక్క మిమ్మల్ని మోసం చేస్తుంది, ఎందుకంటే ఏ రోజూ 22లా ఉండదు. మొదటి రోజు డ్రైమెన్ దాకా 19, దాదాపు చదునే, నాన్నగారు నవ్వుకుంటూ వెళ్తారు. రెండో రోజు కానిక్ హిల్ ఎక్కాక లాక్ లోమండ్ మొత్తం కింద పరుచుకుని కనిపిస్తుంది, అక్కడ అరగంట కూర్చోండి. అసలు పరీక్ష మూడో రోజు, రోవర్డెనన్ నుంచి ఇన్వెరార్నన్. దూరం మళ్ళీ 22 దగ్గరే కానీ ఇన్వెర్‌స్నెయిడ్ దాటాక దారి అనేది ఉండదు, చెరువు ఒడ్డున చెట్ల వేర్లు, బండరాళ్ళు, కొన్ని చోట్ల చేతులు కూడా వాడాలి, నాకు ఎనిమిది గంటలు పట్టింది. మెట్లు ఎక్కడం వేరు, తడి రాయి మీద అడుగు ఎక్కడ వెయ్యాలా అని గంటలకొద్దీ చూసుకుంటూ నడవడం వేరు. "డెవిల్స్ స్టెయిర్‌కేస్" అనే కొండెక్కుడు పేరు చూసి అందరూ భయపడతారు గానీ, దారి మొత్తంలో ఎత్తైన చోటు అదే, అయినా 550 మీటర్లే, అలిపిరి ఎక్కినాయనకి అదో లెక్కే కాదు.

7 రోజుల ప్లాన్‌లో టిండ్రమ్ నుంచి కింగ్స్‌హౌస్ ఒకే రోజు 30 కిలోమీటర్లు పెడతారు, అది మాత్రం వద్దు, బ్రిడ్జ్ ఆఫ్ ఆర్కీలో గానీ ఇన్వెరోరన్‌లో గానీ ఆగండి. ఇన్వెరోరన్ తర్వాత రానక్ మూర్, 16 కిలోమీటర్ల బోడి మైదానం, గాలివాన వస్తే తలదాచుకోడానికి గొడుగంత నీడ కూడా దొరకదు. 8 లేదా 9 రోజులు పెట్టుకోండి. కింగ్స్‌హౌస్ దగ్గర బస చాలా తక్కువ కాబట్టి ముందు అక్కడ రూమ్ దొరికిన తేదీ పట్టుకుని మిగతా రోజులు దాని చుట్టూ సర్దుకోండి, నేను తిరగేసి చేసి రెండుసార్లు క్యాన్సిల్ చేసుకున్నా.

వరంగల్_వాకర్:
మేం గూడ గట్లనే లెక్కలేసుకున్నం అన్నా. ముగ్గురం దోస్తులం, కొత్త బూట్లు కొనుక్కుని డైరెక్ట్ అక్కడికే తొడుక్కొని పోయినం, రెండో రోజుకే మడమల మీద బొబ్బలు, మూడో రోజు పొద్దుటి నుంచి రాత్రి దాంక వాన, టిండ్రమ్‌ల రైలెక్కి వాపస్ వచ్చినం. అందుకే చెప్తున్న, మీ నాయినకు బూట్లు ఇప్పుడే కొని పంపున్రి, రెండు నెలలు గోదారి గట్టు మీదనే అరగదియ్యమనున్రి. పెద్ద బ్యాగులు మొయ్యకున్రి, హోటల్ నుంచి హోటల్‌కు చేరేసే సర్వీసులు ఉన్నయ్. ఇంకోటి, బ్రిడ్జ్ ఆఫ్ ఆర్కీ దాటినంక రైలు లైను తూర్పుకు మళ్ళుతది, మళ్ళ ఫోర్ట్ విలియం దాంక దారి పక్కన రైలు లేదు, కింగ్స్‌హౌస్ దగ్గర మెయిన్ రోడ్డు మీద బస్సే దిక్కు. ఎవరికన్నా కాలు నొస్తె ఆ ముచ్చట ముందే తెల్సి ఉండాలె.

మిడ్జెస్ అని నుసుముల్లాంటివి ఉంటయ్, గాలి ఆగిందంటే ముఖం మీదికి మబ్బు లెక్క దిగుతయ్, కుడ్తయ్ గూడ. మే మొదట్ల అయితే బతికిపోతరు, జూన్‌ల పోకున్రి.

సరిహద్దు_బాటసారి:
నాదో అడ్డం సలహా. ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. కొండలు కావాలా, పాత ఊళ్ళు కావాలా? వెస్ట్ హైలాండ్ వేలో చరిత్ర ఉంది కానీ కంటికి కనపడేది తక్కువ. టిండ్రమ్ ముందు డాల్‌రీ దగ్గర 1306లో స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ ఓడిపోయాడు, ఇప్పుడక్కడ ఉన్నది గడ్డి, ఒక మడుగు. పైన సగం దారి 18వ శతాబ్దంలో హైలాండ్ తిరుగుబాట్లని అణచడానికి సైన్యం వేసిన రోడ్డు, మాస్టారికి అది కాళ్ళ కింద రాళ్ళ రూపంలో తెలుస్తుంది, అంతే. కోటలూ గుళ్ళూ చూద్దామంటే నిరాశే.

అదే దక్షిణాన, ఇంగ్లండ్ సరిహద్దు వైపు, బార్డర్స్ ఆబీస్ వే అయితే చుట్టు తిరిగొచ్చే దారి, 109 కిలోమీటర్లు, ఐదారు రోజులు. మెల్రోజ్, కెల్సో, జెడ్‌బరా, హాయిక్, సెల్కర్క్, ప్రతి రాత్రీ ఊళ్ళోనే పడక. 12వ శతాబ్దపు మఠాలు నాలుగు, పైకప్పులు పోయి గోడలు, తోరణాలు మిగిలాయి, హంపీ చూసినవాళ్ళకి ఆ దిగులు వెంటనే అర్థమవుతుంది. ఆ ఓడిన బ్రూసే తర్వాత గెలిచాడు, చనిపోయాక ఆయన గుండె మాత్రం వేరుగా మెల్రోజ్‌లో పాతిపెట్టారు, ఆ చోట రాయి కూడా ఉంది. ఎడిన్‌బరా నుంచి గంట లోపు రైలు (పాత లైను మూసేస్తే 2015లో మళ్ళీ తెరిచారు), ట్వీడ్‌బ్యాంక్‌లో దిగితే మెల్రోజ్ పక్కనే. ఊరి నుంచి ఊరికి బస్సులున్నాయి, అంటే అమ్మగారు రోజంతా గదిలో కూర్చోనక్కర్లేదు, మీకన్నా ముందే చేరి టీ తాగుతూ ఉంటారు. ఇక్కడ ఒకటే ఇబ్బంది, కొండలు గుండ్రంగా గొర్రెల మేతలా ఉంటాయి, వెస్ట్ హైలాండ్ వేలో గ్లెన్‌కో లోయ చూసి గుండె ఆగడం లాంటిది జరగదు.

లీడ్స్‌లో_గోదారోడు:
అందరికీ చాలా థాంక్స్ అండి. అమ్మ సంగతి నేను అసలు ఆలోచించనే లేదు, సిగ్గేసింది. నిన్న వీడియో కాల్‌లో నాన్నకి రెండూ చెప్పాను, గుండె పాతిన రాయి అనగానే "ముందు అదే" అన్నారు, తర్వాత ఒక నిమిషం ఆగి "ఆ దెయ్యం మెట్లు ఎంత దూరం అన్నావ్?" అన్నారు. సో బార్డర్స్ ముగ్గురం, ఆ తర్వాత నేనూ నాన్నా కింగ్స్‌హౌస్ నుంచి ఆ మెట్ల మీదుగా కిన్‌లాక్‌లెవెన్ దాకా ఒక్కరోజు, 14 కిలోమీటర్లే కదా. తిండికి ఏం పట్టుకెళ్ళారు మీరు?

గ్లాస్గో_పిల్ల:
పబ్బుల్లో వెజ్ బర్గర్, వెజ్ సూప్ దొరుకుతాయి, మూడో రోజుకి విసుగొస్తుంది. అటుకులు, వేరుశెనగ ఉండలు, ఫ్లాస్కులో వేడినీళ్ళు పోస్తే అయ్యే ఉప్మా ప్యాకెట్లు. ఆవకాయ మాత్రం గాజు సీసాలో తేకండి, నా స్లీపింగ్ బ్యాగ్‌కి ఇప్పటికీ ఆ వాసన పోలేదు.




వరంగల్_వాకర్:
కిన్‌లాక్‌లెవెన్ దిగుడు చాలా పొడుగు అన్నా, ఎక్కుడు కన్నా అదే మోకాళ్ళు తీస్తది. నాయినకు రెండు చేతి కర్రలు కొను.