నాన్నగారి కంట్లో వడ్ల నలుసు పడింది, ఇప్పుడు నల్లగుడ్డు మీద తెల్లమచ్చ. ఇది కలకేనా?

గోదారిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి అరవై దాటాయి. సొంత వ్యవసాయం. షుగరు ఉంది. వరి నూర్పిడి దగ్గర నిలబడి ఉండగా కంట్లో ఏదో పడింది. ఊకో, వడ్ల ముల్లో తెలియదు. పక్కనే ఉన్న కాలువ నీళ్ళతో కడిగేసుకున్నారు. మరునాటికి కన్ను ఎర్రబడి నీరు కారడం మొదలైంది. ఊళ్ళో మందుల దుకాణంలో చూపిస్తే కలక అని చెప్పి చుక్కల మందు ఇచ్చారు. వేసిన కొత్తలో ఎరుపూ నొప్పీ బాగానే తగ్గాయి. ఇప్పుడు వారం దాటింది. వెలుతురు చూడలేకపోతున్నారు, చూపు మసకబారింది. అమ్మ టార్చి వేసి చూస్తే నల్లగుడ్డు మీద చిన్న తెల్లమచ్చ కనిపించిందట. సీసా ఫోటో తెప్పించుకున్నాను. దాని మీద మాక్సిఫ్లాక్సాసిన్, డెక్సామెథసోన్ అని ఉంది. నేను హైదరాబాదులో ఉంటాను. సంక్రాంతికి ఎలాగూ వెళ్తాను, అప్పుడు చూపిస్తే సరిపోతుందా? పెద్దమ్మ ఆముదం వేయమంటోంది.

పాతకాపు

ఆముదం చలవ బాబూ. రాత్రి పడుకునే ముందు ఒక చుక్క వేసి, పైన నందివర్ధనం పూలు పెట్టి గుడ్డ కట్టండి. మా ఇంట్లో తరతరాలుగా ఇదే వైద్యం.

కార్నియా వైద్యురాలు

పాతకాపు గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ కంట్లో ఆముదం వేయకూడదు. పూలు పెట్టి గుడ్డ కట్టడం ఇంకా ప్రమాదం. సూక్ష్మజీవి లోపల ఉన్నప్పుడు కట్టు కడితే దానికి కావలసిన వెచ్చదనం, తడి మనమే సమకూర్చినట్లవుతుంది.

గోదారిగట్టు గారూ, సంక్రాంతి దాకా ఆగకండి. రేపు పొద్దున్నే బయలుదేరదీయండి. కలక అయితే తెల్లగుడ్డు ఎర్రబడుతుంది, పుసి కడుతుంది, తరచుగా రెండు కళ్ళకీ వస్తుంది. పుసి తుడిస్తే చూపు మామూలుగానే ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాలు వేరు: ఒక్క కన్ను, దెబ్బ తగిలిన తరువాత మొదలైంది, చూపు తగ్గింది, వెలుతురు పడటం లేదు, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ. ఇది కార్నియా (నల్లగుడ్డు మీద ఉండే అద్దం లాంటి పొర) మీద పుండు అనే అనుమానించాలి. వరి కోతల కాలంలో మా దగ్గరకు వచ్చే పుండ్లలో చాలావాటికి కారణం ఫంగస్. ఎండిన ఆకుల మీద, ఊక మీద, మట్టిలో ఉండే ఫ్యుసేరియం, ఆస్పర్జిల్లస్ జాతులే దక్షిణ భారతంలో ఎక్కువగా కనిపిస్తాయి. కార్నియా పై పొర చెక్కుచెదరకుండా ఉంటే ఇవి లోపలికి పోలేవు. వడ్ల ముల్లు గీసిన చిన్న గీత చాలు.

ఇక ఆ సీసా సంగతి. డెక్సామెథసోన్ అంటే స్టిరాయిడ్. ఎరుపు, నొప్పి మన ఒంటి రోగనిరోధక శక్తి చేసే పోరాటపు గుర్తులు. స్టిరాయిడ్ ఆ పోరాటాన్ని అణిచేస్తుంది కాబట్టి రోగికి నయమైనట్లే అనిపిస్తుంది, ఫంగస్ మాత్రం అడ్డులేకుండా లోతుకు పోతుంది. మీ నాన్నగారికి మొదట తగ్గి తరువాత ముదరడం సరిగ్గా ఆ వరుసలోనే ఉంది. పక్కనున్న మాక్సిఫ్లాక్సాసిన్ బాక్టీరియా మందు, ఫంగస్‌ను అది ఏమీ చేయదు. ఆ చుక్కలు ఇప్పుడే ఆపేయండి. సీసా పారేయకుండా డాక్టరుకు చూపించడానికి వెంట తెచ్చుకోండి. సాధారణంగా కంటి స్టిరాయిడ్ మందులు తగ్గించుకుంటూ ఆపమంటాం, కానీ పుండు అనుమానం ఉన్న కంటికి ఆ నియమం వర్తించదు.

చదివే అందరికీ ఒక మాట. చుక్కల మందు సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ అనే పేర్లలో ఏది ఉన్నా అది స్టిరాయిడే. డాక్టరు స్లిట్‌ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూపే దీపపు సూక్ష్మదర్శిని) కింద కన్ను చూడకుండా అలాంటిది వేసుకోకండి.

ఎక్కడికి తీసుకెళ్ళాలి? కార్నియా విభాగం, సొంత మైక్రోబయాలజీ ల్యాబ్ ఉన్న చోటికి. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి అందరికీ తెలిసినవే. విశాఖపట్నంలో ప్రాంతీయ ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. ఊరికి ఏది దగ్గరైతే అక్కడికి. అద్దాలకు పరీక్ష చేసే దుకాణం ఎంత పెద్దదైనా ఈ పనికి చాలదు.

ప్రయాణంలో కన్ను నలపనివ్వకండి, నొక్కనివ్వకండి. ఎండ పడకుండా నల్లద్దాలు పెట్టండి. షుగరు చీటీలు, వాడుతున్న మందులు అన్నీ తెచ్చుకోండి.

గోదారిగట్టు

చాలా కృతజ్ఞతలు మేడమ్. బాబాయిని తోడు పెట్టి రాత్రి బస్సు ఎక్కించాను. ఆసుపత్రిలో చూశారు. నల్లగుడ్డు మీద మచ్చతో పాటు లోపల కింది భాగంలో కొంచెం చీము చేరిందన్నారు. పుండును గీకి పరీక్షకు పంపాలంటున్నారు. అసలే నొప్పితో ఉన్న కంటిని బ్లేడుతో గీకడమా అని నాన్నగారు భయపడుతున్నారు. మచ్చను చూసి మందు రాయలేరా?

ల్యాబ్‌లో పనిచేసేవాడిని

గీకనివ్వండి. ముందు మొద్దుబార్చే చుక్క వేస్తారు, నొప్పి తెలియదు. మాకు వచ్చే నమూనా కంటికి కనిపించీ కనిపించనంత ఉంటుంది. దానిలోనే ఒక గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి సూక్ష్మదర్శినిలో చూస్తాం, ఒక పలకకు గ్రామ్ రంగు వేస్తాం, మిగిలినది బ్లడ్ అగార్, సాబరాడ్ అగార్ వంటి వాటి మీద పెంచడానికి రాస్తాం. పలక మీద ఫంగస్ తీగలు ఉంటే ఆ పూటే తెలిసిపోతుంది. అదే సరైన మందుకు దారి. ఇలా పెంచడాన్నే కల్చర్ అంటాం. కల్చర్‌లో బాక్టీరియా సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పైకి వస్తుంది, ఫంగస్‌కు వారం, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. తొందరపెడితే పెరగదు!

ఒక విన్నపం. ఇంటి దగ్గర వాడిన చుక్కలన్నిటి పేర్లూ చీటీ మీద రాయించండి. అవి వేసి ఉంటే కొన్నిసార్లు కల్చర్‌లో ఏమీ పెరగదు, ఎందుకు పెరగలేదో తెలియక మేం తల పట్టుకుంటాం.

కార్నియా వైద్యురాలు

చూసి ఊహించవచ్చు, ఊహను నమ్మి మందు రాయకూడదు. ఫంగస్ పుండు పైభాగం ఎండినట్లు, అంచులు ఈకల్లా చెదిరినట్లు ఉంటుంది. చుట్టూ చిన్న పిల్ల మచ్చలు కనిపించవచ్చు. బాక్టీరియాది వేగంగా ముదురుతుంది, చీము, పుసి ఎక్కువ. హెర్పిస్ వైరస్ అయితే ఫ్లోరెసిన్ రంగు వేసి నీలి వెలుతురులో చూసినప్పుడు కొమ్మలు కొమ్మలుగా మెరుస్తుంది, దూదిపోగు తాకించినా స్పర్శ సరిగా తెలియదు. పుస్తకంలో ఇలా విడివిడిగా ఉంటాయి. స్టిరాయిడ్ పడిన కంట్లో అన్నీ కలగాపులగమైపోతాయి. పైగా పిథియం అని ఒకటుంది. సూక్ష్మదర్శినిలో అచ్చం ఫంగస్‌లాగే తీగలు తీగలుగా కనిపిస్తుంది, కానీ ఫంగస్ కాదు. ఫంగస్ మందులకు సరిగా లొంగదు, లినెజోలిడ్, అజిత్రోమైసిన్ వంటి బాక్టీరియా మందులు వాడాల్సి వస్తుంది. మచ్చను చూసి దాన్ని ఎవరు చెప్పగలరు?

ఇంకొకటి: కన్నీటి తిత్తిని కూడా పరీక్షించమని అడగండి. ముక్కు పక్కన నొక్కితే చీము వెనక్కి వస్తోందంటే ఎన్ని చుక్కలు వేసినా అక్కడినుంచి బాక్టీరియా కార్నియాకు చేరుతూనే ఉంటుంది. షుగరు కూడా ఈ రోజే చూపించండి.

గోదారిగట్టు

ఫలితం వచ్చింది, ఫంగస్ తీగలు ఉన్నాయట. కన్నీటి తిత్తి బాగానే ఉంది. షుగరు మాత్రం చాలా ఎక్కువ ఉంది, దానికి వేరే డాక్టరు మందు మార్చారు. కంటికి నాటమైసిన్ చుక్కలు గంటగంటకూ, హోమాట్రోపిన్ అని ఇంకొకటి రోజుకు మూడుసార్లు రాశారు. రెండు సందేహాలు. వొరికొనజోల్ అనేది ఇంకా ఖరీదైన కొత్త మందు అని చదివాను, అది రాయమని అడగనా? రెండు, నొప్పి తట్టుకోలేకపోతున్నారు. గీకేటప్పుడు వేసిన మొద్దుబార్చే చుక్క కొని ఇంట్లో వేయవచ్చా?

కార్నియా వైద్యురాలు

రెండోదానికి ముందు జవాబు: వద్దు, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మొద్దుబార్చే చుక్కలు పదేపదే వేస్తే పై పొర మానదు, కార్నియా కరిగి రంధ్రం పడే ప్రమాదం ఉంది. హోమాట్రోపిన్ కంటిపాపను పెద్దది చేసి లోపలి కండరానికి విశ్రాంతి ఇస్తుంది, నొప్పి తగ్గించేది అదే. దగ్గర చూపు మసకబారుతుంది, కంగారు పడకండి. నొప్పికి పారాసెటమాల్ మాత్ర డాక్టరును అడిగి వేసుకోవచ్చు.

ఖరీదైతేనే మంచి మందు అనుకోకండి. మధురై అరవింద్ కంటి ఆసుపత్రి, దాని శాఖల్లో 323 మంది ఫంగస్ పుండు రోగుల మీద నాటమైసిన్, వొరికొనజోల్ చుక్కలను పోల్చి చూశారు. 2013లో ఫలితాలు వచ్చాయి. నాటమైసిన్ వాడినవారి చూపే మెరుగ్గా ఉంది, కార్నియాకు రంధ్రం పడటం, మార్పిడి అవసరం కావడం కూడా వారిలోనే తక్కువ. ఫ్యుసేరియం విషయంలో తేడా మరీ స్పష్టం. నాటమైసిన్‌కున్న లోపం ఒక్కటే, లోతుకు సరిగా ఇంకదు. పుండు లోతుగా ఉంటే వొరికొనజోల్‌ను అదనంగా వేయడం, సూదితో కార్నియాలోకే ఇవ్వడం వంటి దారులున్నాయి. అవి చూసే డాక్టరు నిర్ణయించాలి.

నాటమైసిన్ సీసాను ప్రతిసారీ బాగా కుదపండి, మందు అడుగున పేరుకుంటుంది. కంట్లో తెల్లగా సున్నంలా అంటుకుంటే అది మందే, చీము కాదు. రెండు మందుల మధ్య కనీసం అయిదు నిమిషాలు ఆగండి.

సిద్దిపేట కోడలు

మా మామయ్యగారికి పోయిన ఏడాది ఇదే జబ్బు. డాక్టర్లు చెప్పని సంగతి నేను చెబుతాను. గంటగంటకూ అని రాసిన చీటీ చూడటానికి తేలికే, ఇంట్లో చేసేవాళ్ళ గతి వేరు. ఫోనులో గంటగంటకూ అలారం పెట్టండి. గోడకు కాగితం అంటించి వేసినప్పుడల్లా గీత పెట్టండి, లేకపోతే మీరు వేశారనుకుని వాళ్ళు, వాళ్ళు వేశారనుకుని మీరు. పెద్దవాళ్ళు సొంతంగా వేసుకుంటే సగం చుక్కలు చెంప మీదే పడతాయి. వెల్లకిలా పడుకోబెట్టి కింది రెప్ప లాగి వేయాలి, సీసా మూతి రెప్పలకు తగలకూడదు. రెండు సీసాలు ఒకేసారి కొనుక్కోండి, మా ఊళ్ళో ఆ మందు దొరకనే లేదు. చుక్కలు వేయడానికి ఎవరూ లేకపోతే ఆసుపత్రిలో చేర్చుకోమని అడగండి, మొహమాటపడకండి.

డాలస్ విద్యార్థిని

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నేను కాంటాక్టు లెన్సులు పెట్టుకుంటాను. స్నానం చేసేటప్పుడు కూడా తీయను. కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి. ఇక్కడి క్లినిక్‌లో హెర్పిస్ అని మందు ఇచ్చారు, కొన్ని వారాలైనా తగ్గలేదు. నాది కూడా ఫంగసేనా?

కార్నియా వైద్యురాలు

అమ్మా, ముందు లెన్సులు తీసేసి మళ్ళీ పెట్టకు. లెన్సులు, వాటి డబ్బా, ద్రావణం పారేయకు, వాటిని కూడా పరీక్షకు పంపవచ్చు. కుళాయి నీళ్ళలో అకాంతమీబా అనే ఏకకణ జీవి ఉంటుంది. లెన్సుతో స్నానం చేసేవారికి, ఈదేవారికి ఇది పట్టుకుంటుంది. బయటికి కనిపించే దానికంటే నొప్పి ఎన్నో రెట్లు ఉండటం దీని గుర్తు, మొదట్లో హెర్పిస్ అని పొరబడటం చాలా మామూలు. ఫంగస్ కూడా కావచ్చు. 2006లో మీ అమెరికాలోనే ఒక లెన్సు ద్రావణం వాడినవారికి ఫ్యుసేరియం సోకి, ఆ ద్రావణాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. కాబట్టి కార్నియా నిపుణుల దగ్గరకు ఈ రోజే వెళ్ళి అకాంతమీబా అనుమానం ఉందని నీ నోటితో నువ్వే చెప్పు. కన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని (కార్నియాను పొరలు పొరలుగా చూపేది) ఉన్నచోట గీకకుండానే ఆ జీవి తిత్తులు (సిస్టులు) కనిపించే అవకాశం ఉంది. మందు పీహెచ్ఎంబీ, క్లోర్‌హెక్సిడిన్ చుక్కలు, నెలల తరబడి వాడాలి.

గోదారిగట్టు

మూడో వారం నడుస్తోంది. చీము పోయింది. పుండు అంచులు మొద్దుబారి చిన్నదవుతోందన్నారు. చుక్కలు రెండు గంటలకోసారికి తగ్గించారు. నాన్నగారేమో నొప్పి లేదు కదా, ఇక మానేస్తాను, దాళ్వా నారుమళ్ళ పని ఉంది అంటున్నారు. తెల్లమచ్చ పూర్తిగా పోతుందా?

కార్నియా వైద్యురాలు

మానేయనివ్వకండి. ఫంగస్ పుండు పైన మానినట్లు కనిపించాక కూడా లోపల మిగిలి ఉండి తిరగబెడుతుంది. డాక్టరు ఆపమనేదాకా వేయాల్సిందే, మొత్తం ఆరు వారాలు దాటడం సాధారణమే. నారుమడి పనికి ఇంకొకరిని పెట్టుకోమనండి. దుమ్ము, బురదనీళ్ళు ఆ కంటికి ఇప్పుడు పడవు.

మచ్చ మాటకొస్తే, పుండు మానిన చోట కొంత పువ్వు మిగులుతుంది. అది పాపకు ఎదురుగా ఉందా పక్కకు ఉందా అన్నదాన్ని బట్టి చూపు ఉంటుంది. పక్కకు ఉంటే అద్దాలతో నెట్టుకురావచ్చు. నడిమధ్య దట్టంగా ఉంటే, కన్ను పూర్తిగా చల్లబడిన కొన్ని నెలల తరువాత కార్నియా మార్పిడి గురించి ఆలోచిస్తారు. మందులకు లొంగకుండా ముదిరినప్పుడో రంధ్రం పడినప్పుడో కన్ను దక్కించుకోవడానికి చేసే అత్యవసర మార్పిడి వేరు, దాని ఫలితాలు అంత బాగుండవు. మీ నాన్నగారు ఆ గండం దాటినట్లే ఉన్నారు.

కౌలురైతు

ఇదంతా చదివాక భయం వేస్తోంది. రేపు మా ఊళ్ళో నూర్పిడి ఉంది. కంట్లో నలుసు పడితే ఆ క్షణంలో ఏం చేయాలో ఒక్క ముక్కలో చెప్పండి. మా ఊళ్ళో నాలుకతో నలుసు తీసే అవ్వ ఉంది.

కార్నియా వైద్యురాలు

అవ్వకు దండం పెట్టి పంపించేయండి, నోట్లోని బాక్టీరియా గీత పడిన కార్నియాలోకి పోతుంది. కాలువ నీళ్ళూ వద్దు. కాచి చల్లార్చిన నీళ్ళ సీసా ఒకటి కళ్ళం దగ్గర ఉంచుకుని ధారగా పోసి కడగండి. నలపకండి. కడిగాక కూడా గరగర ఉంటే గీత పడిందని అనుకుని, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో దగ్గరలోని కంటి కేంద్రంలోనో చూపించండి. నేపాల్‌లోని భక్తపూర్‌లో గీత పడినవారికి క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంటు రోజుకు మూడుసార్లు చొప్పున మూడు రోజులు రాశారు. దెబ్బ తగిలిన 18 గంటల లోపు మొదలుపెట్టిన 284 మందిలో ఒక్కరికీ పుండు పడలేదు. మందు లేకుండా వదిలేసిన వారితో పక్కపక్కన పోల్చిన అధ్యయనం కాదది, కాబట్టి ఆ ఘనత అంతా ఆయింట్‌మెంటుదేనని అనను. తొందరగా చూపించుకోవడం మాత్రం ఖాయంగా మేలు. నూర్పిడిలో నిలబడే ప్రతివారికీ పక్కలు మూసి ఉండే ప్లాస్టిక్ రక్షణ కళ్ళద్దాలు కొనండి. ఇనుప సామాను దుకాణాల్లో వెల్డింగు సరుకు పక్కనే ఉంటాయి. నల్లవి కాకుండా తెల్లవి అడగండి, లేకపోతే సాయంత్రం పూట మీవాళ్ళు తీసి జేబులో పెట్టుకుంటారు.