సంక్రాంతికి ఇల్లు సర్దాలి, ఒళ్లు హూనం కాకుండా ఎలా?

రాజమండ్రి టీచర్
నెలగంట పెట్టారు. వీధంతా ముగ్గులు మొదలయ్యాయి, నాకేమో ఇల్లు చూస్తేనే టెన్షన్. పండగకి అత్తగారు, ఆడపడుచు వాళ్లు వస్తున్నారు. నేను స్కూల్లో లెక్కలు చెబుతాను. ఇంటి పనికి దొరికేది ఆదివారాలు, మధ్యలో క్రిస్మస్ సెలవు, అంతే. అటక మీద ఇత్తడి గుండిగలు, పిల్లల పాత పుస్తకాలు, ఎవరూ వాడని మిక్సీ, దుప్పట్ల మూటలు. బూజు దులపాలి, ఫ్యాన్లు తుడవాలి, వంటింటి డబ్బాలన్నీ కడిగి ఆరబెట్టాలి. పొద్దున నడుం బిగిస్తే చీకటి పడేదాకా కూర్చోను. సోమవారం బోర్డు దగ్గర నిలబడాలంటే కాళ్లు పీకేస్తాయి. పోనీ మధ్యాహ్నం కాసేపు పడుకుందామంటే మంచం నిండా బట్టలే. మీరంతా ఎలా చేసుకుంటున్నారు? పనిమనిషికి చెప్పమనకండి, ఆవిడా పండగకి వాళ్ల ఊరు వెళ్తుంది.

భీమవరం పిన్ని
అమ్మాయ్, ముందు మంచం ఖాళీ చెయ్యి. సర్దే సామాను ఏదీ దాని మీద పెట్టకు. హాల్లో ఒక పాత దుప్పటి పరుచుకో, ఆ దుప్పటి మీద పట్టినంతే ఆ పూట పని. అది సర్దాకే ఇంకోటి దించు. ఇల్లంతా ఒకేసారి విప్పేస్తే ఎవరికైనా కూర్చోబుద్ధి కాదు.

నేను నర్సుగా రిటైరయ్యాను, అందుకని నడుం గురించి గట్టిగా చెబుతున్నా. నిలబడి చేసే పని తర్వాత కూర్చుని చేసేది పెట్టుకో. ఫ్యాన్లు తుడిచాక చింతపండు పట్టించి ఇత్తడి తోముకోవచ్చు, పీట వేసుకుని. గుండిగ ఒక్కదానివే ఎత్తకు. ఎత్తేటప్పుడు నడుం కాదు, మోకాళ్లు వంచాలి. బూజు దులిపేటప్పుడు తలకీ ముక్కుకీ గుడ్డ కట్టుకో, పైనుంచి కిందికి రా, లేకపోతే తుడిచిన చోటే మళ్లీ తుడవాలి. డబ్బాలు పొద్దున్నే కడిగితే ఎండకి బాగా ఆరతాయి. తడి మిగిలితే పప్పు పాడవుతుంది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇక నీళ్ల పని వద్దు. పడుకో. పనంతా అయ్యాక పడుకుందాం అనుకోకు తల్లీ, అది ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

మియాపూర్ నుంచి
పిన్ని గారి దుప్పటి లెక్క చాలా నచ్చింది. నేను టైమర్ పెట్టుకుంటాను. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి చదువు కోసం మొదలుపెట్టిన పద్ధతి అది. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, నాలుగు సార్లయ్యాక పెద్ద విరామం. బట్టల అలమరాకి, కాగితాలకి బాగా పనికొచ్చింది. వంటింట్లో మాత్రం కుదరదు, చేతులకి సబ్బు ఉండగా గంట మోగితే చిరాకు.

ఇంకో మాట అక్కా. ఇల్లు సర్దడంలో ప్రపంచానికే పాఠాలు చెప్పిన మేరీ కొండో, మూడో బిడ్డ పుట్టాక తన ఇల్లు మునుపటంత పద్ధతిగా ఉండట్లేదనీ, పిల్లలతో గడపడమే ముఖ్యమనీ 2023లో చెప్పింది. మీరు ఉద్యోగం చేస్తూ ఇంత మోస్తున్నారు. ఆడపడుచు గారు అటక ఎక్కి చూడరు కదా!

ఇద్దరు పిల్లల నాన్న
మేడమ్, ఇంట్లో మగవాళ్ల మాటే రాలేదేంటి? ఫ్యాన్లు, అటక మీ వారికి అప్పగించండి. మా ఇంట్లో అవి నా పనులే. పాత పుస్తకాలు పిల్లలే ఏరాలి, వాళ్లకే తెలుసు ఏవి కావాలో. విరిగిన కుర్చీ చెక్కలు భోగి మంటకి దాచండి. ప్లాస్టిక్, టైర్లు మాత్రం మంటలో వెయ్యనివ్వకండి, ఆ పొగ పిల్లలకి మంచిది కాదు.

రాజమండ్రి టీచర్
అందరికీ థాంక్స్. పిన్నీ, మంచం ఇప్పుడే ఖాళీ చేశాను. ఈ ఆదివారం వంటింటి డబ్బాలు ఒక్కటే, మధ్యాహ్నం వరకే. అటక క్రిస్మస్ రోజు మా ఆయనా, పెద్దాడూ చూసుకుంటామన్నారు. ఇత్తడి తోమాక మెరుపు పోకుండా ఏం చెయ్యాలో చెప్పు పిన్నీ, మాకు రెండు రోజులకే నల్లబడుతోంది.

భీమవరం పిన్ని
చింతపండు పులుపు మిగలకుండా బాగా కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టు. నీళ్ల మరకతో వదిలేస్తేనే తొందరగా నల్లబడుతుంది.